కడుపు నిండిన బ్యాటరీలు

నేను డ్రోన్ పైలట్‌నని నాకొక కార్డు ఉంది. కార్డు మీది ఫొటోలో నిద్రలో లేపి కూర్చోబెట్టిన మనిషిలా ఉంటాను గానీ కార్డు మాత్రం నిజమైనదే. మద్దేడ్ సంతలో తెలిసిన ఆడవాళ్ళు ఎదురైతే, "ఏందమ్మా, నీ గాలి మోటరు నడుస్తున్నదా?" అని నవ్వుతూ అడుగుతారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఉల్లిగడ్డలు ఏరుకుంటూ వినబడనట్టు ఉంటాను. మా ఊరి పొలాల మీద ఆ యంత్రాన్ని ఒక్కసారి కూడా ఎగరేయలేదు నేను. చేసిందల్లా దాని కొత్త బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడమే. ఆ పని ఎంత శ్రద్ధగా చేశామంటే, ఆ శ్రద్ధే మా కొంప ముంచింది.

మాది బీజాపూర్ జిల్లాలో, మద్దేడ్ దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి వెళ్తే వచ్చే ఊరు. కొన్ని ఇళ్ళు దొర్ల ఆదివాసులవి, కొన్ని మా తెలుగువాళ్ళవి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పొలం దగ్గర దొర్లీ, కోపం వస్తే మూడూ కలిపి. వానాకాలం వరి వేస్తాం, వాగు ఒడ్డున నల్లరేగడి ఉన్నవాళ్ళు మిరప పెడతారు. మిరప అంటే మందు. నారు తేరుకున్నప్పటి నుంచి కాయ ఎర్రబడేదాకా వారం వారం మందు కొట్టాల్సిందే. ఆ మందు పంపు వీపున మోసుకుని సాలు వెంట సాలు నడిచే మనిషి మా ఇంట్లో మా అక్క.

అక్క అంటే తోబుట్టువు కాదు, నా తోడికోడలు. మా బావగారు పోయాక మిరప తోట ఆమె ఒంటి చేతి మీద పడింది. మా ఆయన లారీల మీద జగదల్‌పూర్ వైపు తిరుగుతాడు, ఇంట్లో ఉండేది తక్కువ. నేను సాయం వెళ్తానన్నా అక్క పంపు ముట్టనిచ్చేది కాదు. "నీకు పిల్లలు పుట్టాల్సి ఉంది చెల్లె, నువ్వు కలుపు తియ్," అనేది. ఏళ్ళ తరబడి మందు పీల్చి ఆమెకు ఆయాసం పట్టుకుంది. వేళ్ళ మధ్య చర్మం పగిలి, కూరలో ఉప్పు వేస్తే మండేది. బీజాపూర్ ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా తేటగా చెప్పింది, ఇక మందు జోలికి పోవద్దని. అక్క తల ఊపి, ఆయాసం బిళ్ళలు తెచ్చుకుని, మర్నాడే పంపు కడిగి వీపుకెత్తుకుంది. పోకపోతే తోట ఎవరు చూస్తారు?

అందుకని మా మహిళా సమూహానికి సర్కారు మందు కొట్టే డ్రోన్ ఇస్తుందట, పన్నెండో తరగతి చదివిన ఆడపిల్ల కావాలట అన్నప్పుడు నేను ఎగిరి గంతేశాను. నాకు ఆకాశం మీద మోజేమీ లేదు. అక్క వీపు మీంచి ఆ పంపు దించాలనేదే నా మోజు. శిక్షణకు పోయేముందు అక్క నా జడ వేస్తూ ఒకటే అడిగింది. "మొదటిసారి నా మిరప మీదనే ఎగరెయ్యాలె, మాట?" మాట అన్నాను.

శిక్షణ పెద్ద ఊళ్ళో, డ్రోన్ కంపెనీ వాళ్ళ దగ్గర జరిగింది. ముందు కంప్యూటర్ తెర మీద, తర్వాత ఖాళీ మైదానంలో నిజమైన డ్రోన్ ఎగరేయించారు. నాకు చెయ్యి బాగా తిరిగింది. పక్కనున్న ఆడవాళ్ళు చెట్టుకు గుద్దితే నేను చెట్టు చుట్టూ తిప్పి తెచ్చాను. కానీ బ్యాటరీలు మాత్రం ఎవరో చార్జి చేసి తెచ్చి మా చేతికిచ్చేవారు. వంట రానివాళ్ళకు వడ్డన నేర్పినట్టు నేర్పారు మాకు. బ్యాటరీ గురించి చెప్పినవి నాకిప్పటికీ వరసగా గుర్తున్నాయి. నేలకు కొట్టొద్దు, తడపొద్దు, చార్జింగ్ పెట్టి వదిలేసి పోవద్దు, పక్కన ఇసుక బకెట్ ఉంచుకో. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా ఖాళీ కానివ్వొద్దు, ఖాళీ అయిందంటే అది చచ్చినట్టే. ఈ చివరిది మళ్ళీ మళ్ళీ చెప్పి, మా చేత అనిపించారు కూడా.

ఊళ్ళోకి డ్రోన్ వచ్చిన రోజు జీపు చుట్టూ జనం మూగారు. పెట్టె విప్పి రెక్కలు బయటపెట్టగానే మాత్రం ఆడవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. మా వైపు వాళ్ళకు డ్రోన్ కొత్తేమీ కాదు. పైన బలగాల డ్రోన్ చప్పుడు వినపడితే అడవిలో తునికాకు ఏరుకుంటున్న మనిషి చెట్టు మొదట్లో కదలకుండా నిలబడిపోవడం మాకు ఏనాటి నుంచో అలవాటు. మా సమూహంలో అందరికంటే పెద్దది ఒక దొర్ల ముసలమ్మ. ఊరంతా ఆమెను అవ్వ అంటాం. అవ్వ కర్ర ఊతంగా వంగి యంత్రాన్ని అటూ ఇటూ చూసి అడిగింది.

"ఇది కూడ మనల్నే చూస్తదా?"

"లేదవ్వా, ఇది మిరపను చూస్తది," అన్నాను.

"అట్లయితే మంచిదే," అని, కర్ర చివరతో దాని కాలును ఒకసారి తట్టింది. దాంతో మిగిలినవాళ్ళు దగ్గరికొచ్చారు.

బ్యాటరీలకు చార్జింగ్ పెట్టడం అసలు పండగ. ఒక్కోటి పసిపిల్లంత బరువుంది. చార్జర్‌కు మామూలు ప్లగ్గు చాలదు, ఎక్కువ కరెంటు లాగుతుంది. మా ఊళ్ళో అంత కరెంటు వచ్చే చోటు ఒక్కటే, పిండి గిర్నీ. గిర్నీ ఆయన మొదట ఒప్పుకోలేదు. "నా మోటరు కాలితే మీ డ్రోన్ వచ్చి పిండి పడతదా?" అన్నాడు. అక్క పోయి ఏం చెప్పిందో ఏమో, ఆ పూట గిర్నీ ఆపి తలుపు తీశాడు. గిర్నీ ఆగడమంటే ఊరికి వినిపించే సంగతి. ఆ చప్పుడు ఆగగానే ఎవరికో ఏదో అయిందనుకుని ఇంకో నలుగురు వచ్చారు.

నేను ఇసుక బకెట్ పెట్టుకున్నాను. నేల ఊడ్పించాను, తలుపులు బార్లా తెరిపించాను, చుట్ట కాల్చేవాళ్ళను బయటికి పంపాను. బ్యాటరీ తీగ చార్జర్‌కు, చార్జర్ తీగ గోడకు తగిలించి స్విచ్ వేయగానే గిర్నీలో బల్బు మసకబారింది, చార్జర్ ఫ్యాను బుస్సుమంది. జనంలో ఎవరో "అమ్మో" అన్నారు. ఎర్ర దీపం వెలిగింది. తర్వాత బ్యాటరీ మీద పచ్చ చుక్క ఒకటి మిణుకుమిణుకుమని నిలిచింది, కొంతసేపటికి రెండోది. ఆడవాళ్ళు నేల మీద చతికిలబడి, అన్నం కుండ ఎసరు చూసినట్టు ఆ చుక్కలనే చూస్తూ కూర్చున్నారు. నాలుగో చుక్క నిలిచి చార్జర్ కీచుమనగానే చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ, ఆ పూట నాకు నిజంగా సంతోషం వేసింది.

అవ్వ వచ్చి నిండిన బ్యాటరీ మీద చెయ్యి పెట్టింది. అది గోరువెచ్చగా ఉంది. "పానం ఉన్నది దీనికి," అంది. పసుపు బొట్టు పెట్టి నాలుగు బియ్యపు గింజలు వేసింది. ఇప్పసారా చుక్కలు చల్లబోతే చెయ్యి పట్టుకుని గుమ్మం అవతలికి తీసుకుపోయాను. "దేవుడికి పొయ్యి అవ్వా, బ్యాటరీకి వద్దు." ఆమె విసుక్కుని గుమ్మం బయట నేల మీద పోసి, లోపలున్న మా అందరికీ వినబడేలా చెప్పింది.

"కొత్తది ఇంట్లకొచ్చింది. పని మొదలైనదాక దాని కడుపు ఖాళీగ ఉంచొద్దు. జర తగ్గినా నింపుండ్రి."

ఆ మాట మాకెవరికీ వింతగా అనిపించలేదు. దొర్లవాళ్ళ ఇళ్ళలోనూ, మా ఇళ్ళలోనూ కొత్త కుండ తెస్తే ఖాళీగా పెట్టరు, కనీసం నీళ్ళయినా నింపుతారు. కొత్త గుమ్మి అల్లితే ధాన్యం వచ్చేదాకా అడుగున గంపెడు గింజలైనా పోసి ఉంచుతారు. పొరుగింటి గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు కూడా అందులో గుప్పెడు పప్పో నాలుగు మిరపకాయలో వేసి ఇస్తాం. ఖాళీ గిన్నె చేతిలో పెడితే తిట్టినట్టే. పైగా శిక్షణలో చెప్పిందీ అదే కదా, ఖాళీ అయితే చస్తుందని. అవ్వ మాటా కంపెనీ మాటా ఒకటే అయినప్పుడు ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

దానికి తోడు ఫోన్ వచ్చింది. మా పని చూసే ఆఫీసు ఒకటి ఉంది. అది ఏ ఆఫీసో, ఏ ఊళ్ళో ఉందో ఇక్కడ రాయను. అక్కడి సాహెబ్ హిందీలో తియ్యగా మాట్లాడతాడు. "దీదీ, పర్మిషన్ ఇవాళో రేపో వస్తుంది. బ్యాటరీలు ఎప్పుడూ ఫుల్‌గా తయారుగా ఉంచండి. ఫోన్ చేయగానే ఎగరాలి, పెద్దవాళ్ళొస్తారు," అన్నాడు. మా దగ్గర పర్మిషన్ లేకుండా డ్రోన్ లేపడమంటే ఆట కాదు. రోడ్డు మీద బలగాల క్యాంపు ఉంది. పైన ఏది ఎగిరినా కింద లెక్క చెప్పాలి. అది అర్థం కానిదేమీ కాదు. సరే సాబ్ అన్నాను.

అలా బ్యాటరీల వంతులు మొదలయ్యాయి. కల్లం కావలికి వంతులు వేసుకున్నట్టే సమూహంలో ఆడవాళ్ళం రోజుకొకరం. డ్రోనూ బ్యాటరీలూ పాత రేషన్ దుకాణం రేకుల గదిలో ఉండేవి. వంతు వచ్చినావిడ పొద్దుగూకే వేళ తాళం తీసి, ప్రతి బ్యాటరీ బొత్తాం నొక్కి, పచ్చ చుక్కలు చూసేది. ఒక్క చుక్క ఆరిపోయినా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. నేను గిర్నీ ఆయన కాళ్ళావేళ్ళా పడి మళ్ళీ నింపుకొచ్చేదాన్ని. పాలిచ్చే బర్రెనైనా అంతగా కనిపెట్టుకుని ఉండలేదు మా ఊళ్ళో. ఒకావిడకు జ్వరమొస్తే, వంతు తప్పకూడదని కూతురి భుజం పట్టుకుని వచ్చి చూసిపోయింది. మమ్మల్ని నిర్లక్ష్యం మనుషులన్నవాళ్ళు ఆ రోజు ఆ గది ముందు నిలబడి చూసుండాల్సింది.

పర్మిషన్ రాలేదు. నేను బస్సెక్కి పోయి అడిగితే ఈ బల్ల దగ్గర ఆ బల్ల పేరు చెప్పారు, ఆ బల్ల దగ్గర ఇంకో ఊరి పేరు చెప్పారు. ఒకసారి పొలాల నక్ష కావాలన్నారు. నక్ష ఇస్తే, ఇంత చిన్న నక్ష కాదు పెద్దది కావాలన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు దేవుడెవరో పూజారెవరో కూడా తెలియలేదు, ప్రతి గుమ్మంలోనూ ఒక పూజారే కనిపించాడు. సాహెబ్ మాత్రం ఫోనులో అదే తియ్యదనం. "అగ్లే హఫ్తే, దీదీ. పక్కా." వచ్చే వారం ఖాయం.

ఈ వచ్చే వారం మాట అక్క చెవిన పడేది. పడకుండా ఎలా ఉంటుంది, ఫోను పట్టుకుని నేను వాకిట్లోనే కదా మాట్లాడేది. ఆ ఏడు మిరపకు నల్ల తామర పురుగు తగిలింది. పువ్వులో దూరి రసం పీలుస్తుంది, ఆకు ముడుచుకుపోతుంది. మామూలుగా అయితే అక్క మొదటి ముడత కనబడిన రోజే పంపు ఎత్తేది. ఈసారి పంపు కడిగి, వాకిట్లో బోర్లించి, దాని వంక చూసి, "ఒక్క వారం చూస్తా చెల్లె. ఎట్లనూ వస్తది కద," అంది. ఆయాసం ఆ రోజుల్లో బాగా ఎక్కువైంది. మంచం మీద కూర్చుని కూడా రొప్పేది. ఆశ అంటే ఏమిటో ఆమె మొహంలో చూశాను. డాక్టరమ్మ మాట వినే వీలు జన్మలో మొదటిసారి దొరికినట్టు ఉండేది. అందుకే నాకు ఆ తియ్యటి గొంతంటే ఇప్పటికీ మంట. రాదని చెప్పినా బాగుండేది. రాదంటే మనిషి తన దారి తను చూసుకుంటుంది.

ఒక వారం ఇంకో వారమైంది. తోట సగం ముడుచుకుంది. ఒక పొద్దున అక్క నన్ను లేపకుండా పోయింది. దుకాణంలో ఎవరో ఇది కొడితే పురుగు మిగలదన్న ఘాటు మందు తెచ్చుకుని, పోయిన రోజులన్నీ ఒక్క పూటలో తిరిగి తెచ్చుకోవాలన్నట్టు, పైన ఎండ మాడుస్తున్నా ఆగకుండా కొట్టింది. నేను అంబలి తీసుకుని వెళ్ళేసరికి సాలు మధ్యలో పక్కకు పడి ఉంది. పంపు వీపునే ఉంది, పట్టీలు భుజాలకు బిగుసుకుని ఉన్నాయి. నోట్లోంచి నురుగు వస్తోంది. పట్టీ కోయడానికి కొడవలి దొరక్క పళ్ళతో కొరికాను. ఆ రుచి చాలా రోజులు నా నాలుక మీదే ఉంది.

జీపులో బీజాపూర్ తీసుకుపోయాం. అక్క బతికింది. ఆసుపత్రిలో చాన్నాళ్ళు ఉండి ఇంటికొచ్చింది గానీ, వచ్చింది పోయిన మనిషి కాదు. పది అడుగులు నడిస్తే గోడ పట్టుకుంటుంది. చెయ్యి వణుకుతుంది, మంచినీళ్ళ చెంబు రెండు చేతులా పట్టుకోవాలి. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక ఆమె నన్ను అడిగిన మొదటి మాట, "బ్యాటరీలు నిండుగనే ఉన్నయా?" నిండుగానే ఉన్నాయి అక్కా అన్నాను. అప్పటికి అది నిజం.

ఎండలు ముదిరాక, అవ్వ వంతు రోజున నన్ను కేకేసింది. వెళ్ళేసరికి రేకుల గది పొయ్యిలా కాగి ఉంది. అవ్వ బ్యాటరీల పక్కన కూర్చుని, ఒకదాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి ఉంది. "చూడు బిడ్డా, ఇది కడుపుతోటి ఉన్నది," అంది. వెనకున్న పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. చదునుగా ఉండాల్సిన బ్యాటరీ పూరీలా ఉబ్బి ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. నాలుగు పచ్చ చుక్కలు మాత్రం దివ్యంగా వెలుగుతున్నాయి.

కంపెనీ కుర్రవాడికి ఫోన్ చేశాను. వాడు మొదటి ప్రశ్న అడిగాడు, ఎన్నాళ్ళుగా నింపి పెట్టారని. వచ్చిన రోజు నుంచి అన్నాను.

"అయ్యో మేడమ్, ఎగరెయ్యనప్పుడు సగానికే ఉంచాలి. నిండుగా పెట్టి ఉంచితే లోపల గ్యాస్ పడుతుంది, అందులో ఎండకు ఇంకా తొందరగా. ఇంక వాటిని ముట్టుకోకండి, మంటలొస్తాయి. ట్రైనింగులో చెప్పాం కదా."

"చెప్పలేదు."

"చెప్పాం మేడమ్, మీరు విని ఉండరు."

విన్నాను. ఖాళీ చేయొద్దన్నారు, తడపొద్దన్నారు, నేలకు కొట్టొద్దన్నారు. నింపి ఉంచొద్దని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. అనుంటే నాకు చచ్చేదాకా గుర్తుండేది. ఎందుకంటే నింపి ఉంచితే పాడయ్యే వస్తువు గురించి మా ఊళ్ళో ఎవరం ఏనాడూ వినలేదు. ఇదంతా వాడితో అన్నాను. నా హిందీ కోపంలో బాగా వస్తుంది. వాడు ఫోను పెట్టేశాడు.

బ్యాటరీలను ఇనుప తట్టలో జాగ్రత్తగా మోసుకుపోయి, ఊరికి దూరంగా గుంత తీసి ఇసుకలో పెట్టాం. వంతులు వేసుకుని కాచిన ఆడవాళ్ళే మోశారు. పసుపు బొట్లు ఇంకా వాటి మీద ఉన్నాయి. అవ్వ గట్టున కూర్చుని చూసింది. ఆమెకు దుఃఖం కంటే అవమానం ఎక్కువైంది. "ఆకలికి సచ్చెటోళ్ళను చూసిన గని, కడుపు నిండి సచ్చేది ఏందే ఇది?" అంది. అప్పటి నుంచి అవ్వ ఆ రేకుల గది ముందు నుంచి పోవడం మానేసి చుట్టు తిరిగి పోతుంది.

పర్మిషన్ అప్పుడొచ్చింది. మిరప ఏరడం అయిపోయి, మిగిలిన కాసిని కాయలు కల్లంలో ఎండుతున్నప్పుడు వచ్చింది. మందు కొట్టడానికి చెట్టు లేదు, ఎగరడానికి బ్యాటరీ లేదు, పర్మిషన్ మాత్రం ఉంది. సాహెబ్ ఫోను చేసి, "బధాయీ హో దీదీ!" అన్నాడు. శుభాకాంక్షలట. బ్యాటరీల సంగతి చెప్పాను. "ఏం ఫరవాలేదు, ఫొటో అయితే అయిపోతుంది," అన్నాడు.

అయింది. షామియానా వేశారు, రిబ్బన్ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, వచ్చినవాళ్ళలో ఒకాయన మా ఎండు మిరప బాగుంటుందటగా, కిలో దొరుకుతుందా అని అడిగాడు. డ్రోన్‌ను పొలంలో పెట్టి, బ్యాటరీ ఉండాల్సిన చోటు కనబడకుండా పూలదండ వేశారు. రిమోట్ నా చేతికిచ్చారు. పక్కన హితగ్రాహి ఒకరు కావాలన్నారు, అంటే డ్రోన్ వల్ల మేలు పొందిన మనిషి. పంచాయతీ సచివ్ పోయి అక్కను కుర్చీతో సహా తెచ్చి నా పక్కన కూర్చోబెట్టించాడు. ఆమె జబ్బు మనిషని చెప్పాను. కూర్చునే కదా ఉండేది అన్నాడు.

"అందరూ పైకి చూడండి! నవ్వండి!" అన్నాడు ఫొటో తీసే ఆయన.

చూశాం. పైన ఏమీ లేదు. ఎండకు కళ్ళు మూతపడుతున్నాయి. అక్క వణికే చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, అందరికంటే ఎక్కువసేపు వెతుకుతూ చూసింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, "ఏం చూడుమన్నరు చెల్లె?" అని అడిగింది. ఏం లేదక్కా, ఉత్తదే అన్నాను. ఉత్తదేనా అని గోడ వైపు తిరిగింది. ఆ ఫొటో తర్వాత చాలా ఫోన్లలో తిరిగింది. అందులో మేం ఆకాశాన్ని చూసి మురిసిపోతున్నట్టే ఉంటాం.

వారం తిరక్కుండా డ్రోన్‌ను తీసుకుపోయారు. కొత్త బ్యాటరీలు ఇవ్వడం కుదరదట, పాడైంది మా నిర్లక్ష్యం వల్లనట. బాగా చూసుకునే వేరే సమూహానికి ఇస్తారట. నాకు అక్కడే గొంతు పగిలేలా అరవాలనిపించింది, అరిచాను కూడా. రోజూ సాయంత్రం తాళం తీసి చుక్కలు చూసిన ఆడవాళ్ళు నా వెనక వరసగా నిలబడి ఉన్నారు. జీపు వెళ్ళిపోయింది. నా కార్డు మాత్రం తీసుకోవడం మరిచిపోయారు.

ఈ ఏడు మళ్ళీ మిరప పెట్టాం. పంపు ఇప్పుడు నా వీపు మీద ఉంది. అక్క పట్టీలకు కొత్త గుడ్డ చుట్టి, నా ముక్కు మీద తడి కండువా తనే కట్టి, గాలి మందు మోసుకురాని వైపు ఒడ్డు మీద కూర్చుంటుంది. కూర్చుని, ఏ మొక్క ముడుచుకుందో దూరం నుంచే చెప్తుంది. నాకు పిల్లలు పుట్టాల్సి ఉందన్న మాట ఇప్పుడు ఇద్దరం ఎత్తం.

మొన్న మొదటి సాలు అయిపోయి, పంపు నింపడానికి ఒడ్డుకొచ్చాను. పైన చప్పుడు వినపడింది. అలవాటు పోదు కదా, చేతిలో నీళ్ళ బిందెతో కదలకుండా నిలబడిపోయాను. క్యాంపు డ్రోన్ మా తోట మీదుగా, ఎండలో మెరుస్తూ, నిదానంగా వాగు దాకా పోయింది. మళ్ళీ తిరిగి మా మీదుగా వచ్చి, కాసేపు అక్కడే నిలిచి, క్యాంపు వైపు వెళ్ళిపోయింది. మిరప వైపు అది చూసిందో లేదో నాకు తెలియదు. అక్క ఆ రోజు ఫొటోలో చూసినట్టే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది చిన్నదై కనబడకుండా పోయేదాకా చూసింది.

"దానికి చార్జింగ్ ఎవలు పెడ్తరో గని చెల్లె," అంది, ఊపిరి అందుకుంటూ, "మస్తు మంచిగ పెడ్తున్నరు. ఎప్పుడు చూసినా ఎగురుతనే ఉంటది."

నేను పంపులో నీళ్ళు పోసి, మందు కలిపి, మూత బిగించాను. నేను పంపుకు వీపు ఆనించి గొంతుక్కూర్చుంటే, అక్క లేచి నిలబడలేక, కూర్చున్న చోటి నుంచే రెండు చేతులూ పెట్టి పంపును నా వీపు మీదికి నెట్టింది. రెండో సాలులోకి దిగాను.